దీపపు ఎర కొనే ముందు: చంపేదా, లెక్కపెట్టేదా?

పెరట్లో రాత్రంతా దీపం పెట్టి, పొద్దున్నే ఏయే రెక్కల పురుగులు (ఇంగ్లీషులో మాత్‌లు) వచ్చాయో చూసి, రాసుకుని, ప్రాణాలతో వదిలేద్దామనుకునేవాళ్లు మొదటిసారి చాలావరకు తప్పు సరుకే కొంటారు. పేరు అలాంటిది. "దీపపు ఎర" అని వెతికితే ఆన్‌లైన్ అంగళ్లలో ముందుగా కనబడేది పొలం సరుకు. మూడు కాళ్ల స్టాండు, నెత్తిన సోలార్ పలక, మధ్యలో ఊదారంగు ఎల్‌ఈడీ, కింద నీళ్ల పళ్లెం. పళ్లెంలో నీళ్లు పోసి కాస్త కిరోసిన్ కలిపితే పడిన పురుగు మళ్లీ లేవదు. వేరుశనగకు ఎర్ర గొంగళి పురుగు, వరికి కాండం తొలుచు పురుగు పట్టే చోట అది చేసే పని వేరు, దాని అవసరం వేరు. పురుగు పేరు రాసుకోవడానికి మాత్రం అది పనికిరాదు. నూనె నీళ్లలో నానిన రెక్క మీద పొలుసులు ఊడిపోతాయి, ఆ పొలుసుల్లోనే గుర్తులన్నీ ఉంటాయి. పైగా ఈ సోలార్ ఎరల్లో చాలా వాటికి సాయంత్రం వెలిగి కొన్ని గంటలకే ఆరిపోయే టైమర్ ఉంటుంది. పంట పురుగులను తగ్గించి మిత్ర పురుగులను కాపాడటానికి పెట్టిన ఏర్పాటు అది. అర్ధరాత్రి దాటాక వచ్చే పెద్ద పురుగులు మన లెక్కలోకి రానే రావు.

ఇంట్లో దోమలకని అమ్మే చిటపటలాడే కరెంటు జాలీల సంగతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు: కొనకండి. దోమ వెతుక్కునేది మన ఊపిరిని, చెమట వాసనను. ఆ నీలం దీపానికి కాలిపోయేవి ఎక్కువగా మనల్ని కుట్టని పురుగులే.

లెక్కపెట్టడానికి పనికొచ్చే ఎరలు ప్రధానంగా మూడు రకాలు. 1950లో ఇంగ్లండుకు చెందిన రాబిన్సన్ సోదరులు రూపొందించిన గుండ్రటి ఎర మొదటిది. పడిన పురుగు బయటికి పోవడం తక్కువ. ఖరీదూ, పరిమాణమూ రెండూ పెద్దవే. స్కిన్నర్ పెట్టె రెండోది. పైన వాలుగా రెండు పారదర్శకపు పలకలు, మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల సందు ఉంటాయి. పొద్దున ఒక పలక మాత్రమే తీసి లోపల చూసుకోవచ్చు కాబట్టి పని తేలిక, కానీ సన్నటి ఒళ్లున్న పురుగులు సందులోంచి తేలిగ్గా జారుకుంటాయి. మూడోది బకెట్ ఎర. మన ఇళ్లకు, మేడలకు, అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు సరిపడేది ఇదే. ఈ సమీక్ష ఎక్కువగా దాని గురించే.

అమ్మే బకెట్ ఎరలో ఉండే భాగాలు ఇవి: మూత ఉన్న 20 నుంచి 30 లీటర్ల బకెట్, పైన 30 సెంటీమీటర్ల వెడల్పు గరాటు, గరాటు మీద నిలబడే మూడు లేదా నాలుగు పారదర్శకపు పలకలు, వాటి మధ్యలో దీపం, దీపం మీద వాన గొడుగు. దీపం చుట్టూ తిరిగే పురుగు పలకకు తగిలి గరాటులో పడుతుంది. పురుగు చంద్రుడనుకుని దీపం దగ్గరికి వస్తుందని పాత మాట. 2024లో వచ్చిన హైస్పీడ్ కెమెరా పరిశోధన ఇంకోటి చూపించింది. ఎగిరే పురుగు తన వీపును వెలుగు వైపు తిప్పుకుంటుంది. వెలుగు ఆకాశంలో ఉన్నప్పుడు దానివల్ల ఇబ్బంది లేదు, పక్కనే దీపం ఉంటే మాత్రం ఒరిగిపోయి, చుట్టూ గింగిరాలు కొడుతుంది. అందుకే బకెట్ ఎరలో దీపం కంటే పలకల పని పెద్దది. పలకలు గరాటు అంచుదాకా రావాలి. రెండు సెంటీమీటర్లు తక్కువ కోసి అమ్మే సరుకు చూస్తే పక్కన పెట్టేయండి, పురుగు ఆ సందులోనే చక్కర్లు కొట్టి కిందున్న గడ్డిలో వాలుతుంది. మూడు మిల్లీమీటర్ల అక్రిలిక్ అయితే చాలు. పల్చటి ప్లాస్టిక్ షీటు వేసవి ఎండకు ఒంపు తిరుగుతుంది.

గరాటు కింది రంధ్రం నాలుగైదు సెంటీమీటర్లు ఉండాలి. అంతకంటే పెద్దదైతే తెల్లవారేసరికి సగం ఖాళీ. చిన్నదైతే గన్నేరు పురుగులాంటి పెద్దవి గరాటులోనే కొట్టుకుని రెక్కలు చింపుకుంటాయి. బకెట్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు ఉండి తీరాలి, వాటికి లోపల సన్నటి జాలీ అంటించి ఉండాలి. అమ్మకపు బొమ్మల్లో ఈ అడుగు భాగం ఎప్పుడూ కనబడదు. కొనే ముందు అడిగి తెలుసుకోండి, లేకపోతే ఎనిమిది మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో నాలుగు రంధ్రాలు వేసుకుని స్టీలు జాలీ ముక్కను ఎం-సీల్‌తో అతికించుకోండి. బకెట్ పాత పెయింటుది అయితే దాన్ని మొదట సబ్బుతో కడిగి వారం రోజులు ఎండలో పెట్టకపోతే వాసనకే పురుగులు సొమ్మసిల్లుతాయి.

ఇక దీపం. ఇక్కడే డబ్బు పోతుంది. 365 నానోమీటర్ల (వెలుగు అల పొడవు కొలత) దగ్గర వెలిగే నల్ల గాజు ట్యూబు లేదా నల్ల సీఎఫ్‌ఎల్ కావాలి. చౌక ఎల్‌ఈడీ దీపాల మీద "యూవీ" (అతినీలలోహిత కాంతి) అని రాసి ఉన్నా, చాలా వాటి వెలుగు 395 నుంచి 405 దాకా ఉంటుంది. కంటికి ముదురు ఊదాగా, ఎంతో ప్రకాశంగా కనబడితే అనుమానించండి. అసలైన 365 కంటికి మసకగానే ఉంటుంది. తెల్ల బట్ట మీద మాత్రం నీలంగా భగ్గుమంటుంది.

ఇంకో ప్రమాదం ఉంది, దీని మీద ఎవరూ తగినంత గట్టిగా చెప్పరు. నీళ్ల ఫిల్టరులో సూక్ష్మజీవులను చంపే యూవీ ట్యూబు కూడా అదే పొడవు, అదే రెండు పిన్నులు. అది 254 నానోమీటర్లది, గాజు తెల్లగా పారదర్శకంగా ఉంటుంది. దాన్ని ఎరలో బిగిస్తే పురుగులతో పాటు మన కళ్లు, చర్మం కూడా కాలుతాయి. ట్యూబు మీద "ఎఫ్8టీ5 బీఎల్‌బీ" అని ఉంటే మనకు కావలసింది, "జీ8టీ5" అని ఉంటే ఫిల్టరుది. నల్ల ట్యూబునైనా తదేకంగా చూడకండి. కళ్లద్దాలు పెట్టుకుని, దీపం ఆర్పిన తర్వాతే బకెట్ మూత తీయండి.

వాట్ల సంగతి. 20 వాట్ల నల్ల సీఎఫ్‌ఎల్ ఇంటి కరెంటుతో అయితే నాకు బాగా నచ్చే దీపం. కానీ 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపితే నష్టాలతో కలిపి రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. స్కూటర్ బ్యాటరీ అంత చిన్న 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ మూడున్నర గంటలకే చేతులెత్తేస్తుంది. హైదరాబాదులో డిసెంబరు రాత్రి పదమూడు గంటలు. 8 వాట్ల ట్యూబుకు 0.8 ఆంపియర్లు, అంటే రాత్రికి పది ఆంపియర్-అవర్లు. దానికి 18 ఆంపియర్-అవర్ల బ్యాటరీ తీసుకుంటే పూర్తిగా ఖాళీ కాదు, నాలుగు కాలాలు మన్నుతుంది. పవర్ బ్యాంకు మీద నడిచే 10 వాట్ల ఎల్‌ఈడీ కొంటే ఇంకో లెక్క చూడాలి. 20,000 ఎంఏహెచ్ అని రాసినది 3.7 వోల్టుల లెక్కలో 74 వాట్-అవర్లు. నష్టాలు పోగా 60 మిగులుతాయి, ఆరు గంటలు నడుస్తుంది. కొన్ని పవర్ బ్యాంకులు తక్కువ కరెంటు లాగితే వాటంతట అవే ఆగిపోతాయి. పగలు నిద్రపోయి సాయంత్రం వెలగాల్సిన సెన్సారు దీపాలకు ఇది తగని జత.

జర్మనీ శాస్త్రవేత్త గున్నర్ బ్రెహ్మ్ 2017లో ప్రకటించిన లెపిఎల్‌ఈడీ అనే దీపం ఈ బాధలకు చక్కటి జవాబు. ఎనిమిది ఎల్‌ఈడీలు, 368, 450, 530, 550 నానోమీటర్ల దగ్గర ఎక్కువ వెలుగు, అర కిలో బరువు, పవర్ బ్యాంకుతో నడుస్తుంది. కీటకాల కంటికి ఏయే రంగులు బాగా తెలుస్తాయో చూసుకుని చేసినది. పరిశోధన చేసేవాళ్లకు, అడవి అంచుల్లో తిరిగేవాళ్లకు డబ్బు పెట్టదగ్గ వస్తువే. పెరటి బకెట్‌కు మాత్రం అంత అవసరం లేదు. 125 వాట్ల పాదరసపు ఆవిరి దీపం సంగతి చెప్పాలంటే, అది ఎక్కువ పురుగులను లాగుతుంది, నిజమే. చోక్ కావాలి, వేడెక్కిన గాజు మీద వాన చుక్క పడితే పగులుతుంది, పై గాజు పగిలి లోపలి గొట్టం వెలుగుతూనే ఉంటే ప్రమాదకరమైన కిరణాలు నేరుగా బయటికి వస్తాయి. పక్కింటివాళ్ల పడకగది కిటికీ ఎదురుగా అది పెట్టి స్నేహం నిలబెట్టుకోవడం కష్టం.

అమ్మకందారు చెప్పని సరంజామా, పడిన పురుగులు వాలి కుదురుకోవడానికి లోపల పెట్టే కోడిగుడ్ల అట్టలు. కాగితపు గుజ్జు అట్టలే కావాలి, ప్లాస్టిక్‌వి పనికిరావు, పురుగు కాళ్లకు పట్టు దొరకదు. కిరాణా కొట్టులో అడిగితే ముప్పై గుడ్ల అట్టలు ఊరికే ఇస్తారు. ఒక్కో అట్టను రెండుగా కోసి, ఐదారు ముక్కలను బకెట్ గోడ చుట్టూ నిలువుగా నిలబెట్టాలి. పరిచి పేర్చడం మామూలుగా జరిగే తప్పు. అలా పేరిస్తే పై అట్ట మీదే అన్నీ గుమిగూడి ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. గరాటు రంధ్రం కింద మధ్యభాగం ఖాళీగా ఉండాలి, అట్ట పైఅంచుకూ గరాటు మూతికీ ఐదు సెంటీమీటర్ల ఎడం ఉండాలి, లేకపోతే అట్టే నిచ్చెన అవుతుంది. తడిసిన అట్టలు బూజు పడతాయి. ఆడపురుగులు వాటి మీద గుడ్లు పెడతాయి కూడా, ఎండబెట్టి మళ్లీ వాడేముందు ఒకసారి తిరగేసి చూడండి.

ఎర ఎక్కడ పెట్టాలన్నది కొన్న వస్తువును బట్టి కాదు, వీధి దీపాన్ని బట్టి. మున్సిపాలిటీ తెల్ల ఎల్‌ఈడీ నేరుగా పడే గేటు దగ్గర పెట్టి "ఏమీ రావట్లేదు" అని ఒక నక్షత్రం ఇచ్చిన సమీక్షలు కనబడతాయి. ఇంటి వెనక, గోడ నీడలో, చెట్ల కొమ్మలకు కాస్త దూరంగా పెట్టండి. కింద తెల్ల బట్ట పరిస్తే బయట వాలినవి కాలికింద పడవు. పున్నమి రాత్రి లెక్క తగ్గుతుంది, మబ్బు పట్టి ఉక్కపోసే రాత్రి పెరుగుతుంది.

మన దగ్గర ఈ పని చెడేది ప్రధానంగా చీమల వల్ల. రాత్రి అడుగు రంధ్రంలోంచి వరస కడితే పొద్దుటికి రెక్కలు మాత్రమే మిగులుతాయి. బకెట్‌ను ఇటుక మీద పెట్టి, ఇటుకను నీళ్ల పళ్లెంలో పెట్టడమే సరైన మందు. ఇటుకకూ గోడకూ మధ్య ఒక్క పుల్ల కూడా తగలకూడదు. గోడ మీద బల్లులుంటాయి, బకెట్‌ను గోడకు మీటరు దూరం జరపండి. తెల్లవారుజామున కాకులు, గోరింకలు, పసులపోలిగాళ్లు వస్తాయి. అవి రెండు మూడు రోజుల్లోనే బకెట్ జాడ పట్టేస్తాయి. అందుకే చీకటి విడకముందే బకెట్ చుట్టూ ఉన్నవాటిని చూసి రాసుకుని, మూత బిగించి నీడలోకి తీసుకురావాలి. మే నెలలో హైదరాబాదులో ఐదూ నలభైకల్లా సూర్యుడు వస్తాడు. ఏడింటికి బకెట్ పొయ్యి మీది గిన్నె అయిపోతుంది.

వానాకాలం కథ వేరు. తొలకరి వాన పడిన సాయంత్రం ఉసిళ్లు లేస్తాయి. ఆ రాత్రి ఎర పెట్టకండి, బకెట్ నిండా రాలిన రెక్కలే. వరి పొలాలు దగ్గరుంటే పచ్చదోమ, సుడిదోమ పిండి చల్లినట్టు పడతాయి. పేడ పురుగులు బకెట్‌లో దొర్లి మిగతా వాటి రెక్కలు చించుతాయి, వాటిని ముందు ఏరి బయట పడేయండి. నారింజ, నలుపు పట్టీలతో చీమలా సన్నగా ఉండే పెడెరస్ అనే పురుగు కనబడితే చేత్తో నలపకండి. దాని ఒంటి ద్రవం తగిలిన చోట మర్నాటికి కాలినట్టు బొబ్బ లేస్తుంది. ఊది పంపాలి, లేదా కాగితం మీదకు ఎక్కించాలి.

ఇక రాసుకునే పని. ఎర ఎంత మంచిదైనా ఇది సరిగా లేకపోతే అది ఉత్త దీపం. తేదీతో మొదలుపెడదాం. 12న సాయంత్రం పెట్టి 13న పొద్దున తీసిన ఎరకు 12 అనే రాయాలి. ఇంగ్లండులోనూ పాటించే పద్ధతి ఇది. దీపం రకం, వాట్లు, వెలిగిన వేళ, ఆరిన వేళ, కరెంటు పోతే ఎంతసేపు, కనిష్ఠ ఉష్ణోగ్రత, గాలి, మబ్బు, వాన. ఈ వరుస ప్రతి రాత్రీ ఒకేలా ఉంటేనే ఈ ఏడాది లెక్కను వచ్చే ఏడాది లెక్కతో పోల్చగలం. "ఏమీ రాలేదు" అనే రాత్రినీ రాయాలి, సున్నా కూడా లెక్కే. వారానికి ఒక రాత్రి, ఒకే చోట, ఒకే దీపం. అదే చోట వరుస రాత్రులు పెడితే వదిలిన పురుగులే మళ్లీ వచ్చి లెక్క ఉబ్బుతుంది. బ్రిటన్‌లో ఉండే తెలుగువాళ్లకు గార్డెన్ మాత్ స్కీమ్ ఇదే పద్ధతిలో వారానికో రాత్రి లెక్క తీసుకుంటుంది. అక్కడ మార్చి నుంచి నవంబరు వరకు, ఇక్కడ ఏడాది పొడుగునా చేయొచ్చు.

అట్టలను ఒక్కొక్కటిగా, మెల్లగా, తలకిందులు చేయకుండా తీయండి. ముందు కదలని వాటిని లెక్కపెట్టి, గుర్తు తెలియని వాటికి మాత్రమే పారదర్శకపు డబ్బా వాడండి. ఎగిరెగిరి పడేదాన్ని డబ్బాతో సహా ఫ్రిజ్ కింది అరలో పదిహేను నిమిషాలు పెడితే నెమ్మదిస్తుంది. డీప్ ఫ్రీజర్‌లో పెడితే చచ్చిపోతుంది. ఫొటో నిట్టనిలువుగా పైనుంచి, పక్కన గ్రాఫ్ కాగితం లేదా పది రూపాయల నాణెం పెట్టి తీయండి. నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు, ముందు రెక్క పొడవు దాంతో తేలిపోతుంది.

పెరట్లో ఏ మొక్క ఉందో బకెట్ చెప్పేస్తుంది. తోటకూర మడి ఉంటే ముదురు గోధుమ రెక్కల మీద తెల్ల పట్టీలతో స్పోలాడియా రికర్వాలిస్ తప్పక వస్తుంది. దోస, కాకర పాదులుంటే గాజులాంటి తెల్లరెక్కలకు గోధుమ అంచు, తోక చివర కుచ్చుతో డయాఫానియా ఇండికా. ఆముదం చెట్టుంటే నామాల పురుగు తల్లి. గన్నేరు, నందివర్ధనం ఉంటే పచ్చటి పాలరాయి చెక్కినట్టుండే డాఫ్నిస్ నెరీ. వరి దగ్గరుంటే కాండం తొలుచు పురుగు. పసుపు రెక్క మీద ఒక్కో నల్ల చుక్క ఉన్నది ఆడది, చిన్నగా లేత గోధుమ రంగులో ఉన్నది మగది. రెండిటినీ విడివిడిగా రాయండి. వీపు మీద పుర్రె గుర్తున్న పెద్దది పట్టుకుంటే కీచుమని అరుస్తుంది, కంగారుపడి వదిలేయకండి.

ఫొటోను, చూసినవాళ్లు పురుగు పేరు చెప్పే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టొచ్చు. ఐనాచురలిస్ట్ యంత్రం సూచించే మొదటి పేరును కళ్లు మూసుకుని నొక్కకండి. మన పురుగులకు అది తరచుగా ఆఫ్రికా, యూరప్ చుట్టాల పేర్లు చూపిస్తుంది. పొగాకు లద్దె పురుగు తల్లికి స్పోడోప్టెరా లిట్టొరాలిస్ అని చూపితే అది ఆఫ్రికా, మధ్యధరా వైపుది, మనది లిట్యురా. నమ్మకం లేకపోతే ప్రజాతి (స్పోడోప్టెరా లాంటి మొదటి మాట) వరకే ఆపి రాయడం తప్పు కాదు. ఇంకో చిక్కు, తెలుగు పేర్లు. నిఘంటువులో "చిమ్మట" అంటే మాత్ అనే ఈ రెక్కల పురుగేనంటారు, కానీ చాలా ఊళ్లలో చిమ్మట అంటే రాత్రి కీచుమని అరిచే పురుగు. పట్టికలో శాస్త్రీయ నామమే రాసుకుని, రైతులు వాడే పేరును పక్క గడిలో పెట్టుకుంటే గందరగోళం ఉండదు.

వదిలేటప్పుడు బహిరంగంగా పచ్చిక మీద దులపొద్దు, పిట్టలకు టిఫిన్ పెట్టినట్టే. ఎరకు దూరంగా గుబురు పొదల్లో అట్టలతో సహా పెట్టి, సాయంత్రం ఖాళీ అట్టలు తెచ్చుకోండి. ఇంటి ప్రహరీ దాటి అడవిలో పెట్టాలంటే ముందు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

నా తీర్పు ఇది: పెరడు, కరెంటు ప్లగ్గు రెండూ ఉన్నవాళ్లు 20 వాట్ల నల్ల సీఎఫ్‌ఎల్ బకెట్ ఎర తీసుకోండి. పలకలు గరాటు అంచుదాకా ఉన్నాయా, అడుగున జాలీ ఉందా, హోల్డరు తలకిందులుగా దిగి నీళ్లు లోపలికి పోకుండా ఉందా, ఈ మూడూ చూడండి. సెన్సారు స్విచ్చుతో వచ్చేదైతే సెన్సారు దీపం వైపు చూడకూడదు. చూస్తే తన వెలుగుకు తనే పగలనుకుని ఆరిపోయి, మళ్లీ వెలిగి, రాత్రంతా మిణుకుమిణుకుమంటుంది. ట్యూబులో యూవీ కంటికి కనబడకుండా తగ్గిపోతుంది కాబట్టి దీపం ఇంకా వెలుగుతున్నా రెండేళ్లకోసారి మార్చండి, మార్చిన తేదీ పుస్తకంలో రాయండి. మేడ మీద, కరెంటు లేని తోటలో అయితే 8 వాట్లు, 18 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. తోట వానల్లో నిండా నానే చోటైతే స్కిన్నర్ పెట్టె వద్దు, చెక్క ఉబ్బి పలకలు కదలవు.

అయితే అందరూ దీపానికి రారు. బత్తాయి కాయకు తొండం గుచ్చి రసం పీల్చే యూడోసిమా, పెద్ద కన్ను గుర్తున్న ఎరెబస్ లాంటివి బకెట్‌లో కనబడటం తక్కువ. వాటికి దీపం కంటే కల్లు నయం. అర కిలో బెల్లం కరిగించి, బాగా మాగిన నాలుగు అరటిపండ్లు నలిపి, ఒక గ్లాసు కల్లు పోసి, మూత కాస్త వదులుగా పెట్టి రెండు రోజులు పులియబెట్టండి. పొద్దు గుంకే వేళ చెట్టు బోదెకు ఛాతీ ఎత్తులో అరచేతి వెడల్పున పూసి, టార్చికి ఎర్ర కాగితం చుట్టి గంటకోసారి చూడండి. బోదె కింద చీమల బారు ఉందేమో ముందే చూసుకోండి.